రాతిగుట్టల మీది కుందేటి కొమ్ములు

అనంతపురం చుట్టుపక్కల గుట్టలెక్కేవాళ్లు బలుసు, రేగు పొదల మొదళ్ల దగ్గర ఒకసారి వంగి చూడాలి. నాలుగు పలకల కాడలు, బూడిద కలిసిన పచ్చరంగులో, ఆకుల్లేకుండా గుంపుగా నిలబడి ఉంటాయి. అవే కుందేటి కొమ్ములు. ఏడాదికి ఐదారు వందల మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేలలో ఏళ్ల తరబడి బతికే మొక్క ఇది.

ఆకులు అసలు పుట్టవని కాదు. లేత చివర్లలో కనపడీ కనపడకుండా వచ్చి రాలిపోతాయి. ఆకు చేయాల్సిన పని కాడే చేస్తుంది, అదీ రాత్రిపూట మొదలుపెట్టి. కాడ మీద గాలి పీల్చే సన్నటి పత్రరంధ్రాలు పగలు తెరిస్తే ఈ ఎండకు ఒంట్లో నీరు మిగలదు. అందుకని చీకటి పడ్డాక తెరిచి, కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లమనే పులుపు పదార్థంగా మార్చి దాచుకుంటుంది. తెల్లారాక తలుపులు మూసుకుని, ఆ సరుకుతోనే ఆహారం వండుకుంటుంది. ఇలా బతికే మొక్కల్లో తెల్లవారుజామున పులుపు ఎక్కువ, సాయంత్రానికి తక్కువ.

ఇది జిల్లేడు కుటుంబమే గానీ, విరిస్తే తెల్లటి పాలు కారవు. వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1795లోనే దీన్ని వర్ణించాడు. ఇప్పటి శాస్త్రీయ నామం కారల్లుమా అడ్‌సెండెన్స్. ఇందులో అటెన్యుయేటా, ఫింబ్రియేటా లాంటి ఉపరకాలున్నాయి. సన్నబడుతూ పోయే కాడ పొడవునా పూలు విడివిడిగా వేలాడతాయి. దీని చుట్టమైన మరో మొక్క, కారల్లుమా అంబెల్లేటా కాడలు లావు. కొసన పూలన్నీ ఒకే బంతిలా గుమిగూడతాయి. ఆ బంతి దగ్గర ముక్కు పెట్టకపోవడమే మంచిది, కుళ్లిన మాంసం కంపు. ఆ కంపుకి ఈగలు వస్తాయి. పుప్పొడి ఇక్కడ పొడిగా రాలదు, జంట ముద్దలుగా ఉంటుంది. వాటిని కలిపే చిన్న క్లిప్పు ఈగకి తగులుకుని ఇంకో పువ్వుకి చేరుతుంది.

లేత కాడలతో పచ్చడి నూరుతారు. ఆకలి, దప్పిక ఆపుతుందని గొర్రెల కాపరులు పచ్చివే నములుతారు. ఆ మాట పట్టుకునే విదేశాల్లో బరువు తగ్గించే మాత్రలు పుట్టుకొచ్చాయి. 2007లో అచ్చైన బెంగళూరు అధ్యయనంలో ఫింబ్రియేటా సారాన్ని 60 రోజులు ఇచ్చి చూస్తే ఆకలి, నడుము కొలత తగ్గాయి. బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సీసా కొనేముందు ఇది గుర్తుంచుకోవాలి.

కోసేవాళ్లు చివర్లు తుంచి మొదలు వదిలేస్తే వానలకు మళ్లీ చిగురిస్తుంది. వేళ్లతో పెరికినా, నీడనిచ్చే ముళ్లపొదని కొట్టేసినా ఆ అవకాశం ఉండదు.