కొత్త ఎడిషన్ వద్దనేవాళ్ల గురించి కొన్ని అపోహలు

తలా ఒక పాత్ర వేసుకుని, డైస్ విసురుతూ కలిసి కథ నడిపే ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్. దాన్ని నడిపించే డంజియన్ మాస్టర్ని నేను. 2024 సెప్టెంబరులో ఐదో ఎడిషన్‌కు సవరించిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, అంటే ఆటగాళ్ల రూల్స్ పుస్తకం, వచ్చింది. మా టేబుల్, అంటే కలిసి ఆడే మా బృందం, ఇంకా 2014లో వచ్చిన పాత రూల్స్ మీదే ఉంది. ఎందుకని అడిగేవాళ్లు కారణం కూడా వాళ్లే చెప్పేస్తుంటారు.

అపోహ: డబ్బుకు వెనకాడుతున్నారు.
వాస్తవం: కొంతవరకే. ముఖ్యమైన రూల్స్‌ను 2025లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగానే ఇచ్చారు. ఊరికే వచ్చినా వద్దన్నవాళ్లు మా దగ్గరే ఉన్నారు.

అపోహ: కొత్త రూల్స్ నేర్చుకోవడం కష్టం.
వాస్తవం: వేరే ఆటైతే సుఖంగా నేర్చుకుంటారు. ఇది పాతదానికి మరీ దగ్గరగా ఉంది, అదే చిక్కు. స్విచ్‌బోర్డులో ఫ్యాన్ స్విచ్ ఒకటి పక్కకు జరిగిందనుకోండి, నెల్లాళ్లు లైటే వేస్తుంటాం.

ఒకసారి కొత్త రూల్స్‌తో ఆడి చూశాం. మా పాలడిన్ (పవిత్ర యోధుడి పాత్ర వేసేవాడు) మొదటి దెబ్బకే స్మైట్, అంటే దెబ్బకు దైవశక్తి జోడించే విద్య, వాడేశాడు. రెండో దెబ్బకు డైస్ మీద అన్నిటికన్నా పెద్దదైన 20 పడింది! పాత రూల్స్‌లో స్లాట్ (మంత్రాలకు వాడుకునే కోటా) మిగిలుంటే దానికీ స్మైట్ వేయొచ్చు, 20 పడింది కాబట్టి దెబ్బ లెక్కేసే డైస్ రెట్టింపు. వాడు అప్పటికే గుప్పెడు డైస్ ఏరుకుని గలగలలాడిస్తున్నాడు. కొత్త రూల్స్‌లో స్మైట్ ఒక మంత్రం, దానికి బోనస్ యాక్షన్, అంటే అసలు పనితో పాటు చేసే చిన్న అదనపు పని, కావాలి, అది టర్న్‌కు ఒక్కటే. ఆ మాట చెప్పగానే డైస్ ఒక్కొక్కటిగా టేబుల్ మీద పెట్టేశాడు. గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ మంత్రానికి ఒక డైస్ బదులు రెండు ఇచ్చారురా అన్నా తలెత్తలేదు. పోయింది కనబడినంతగా వచ్చింది కనబడదు మరి.

అపోహ: పాతదాన్ని పట్టుకుని వేలాడేది నలుగురు చాదస్తులే.
వాస్తవం: 2008లో నాలుగో ఎడిషన్ వచ్చినప్పుడూ ఇదే మాటన్నారు. మరుసటి ఏడాదే పైజో సంస్థ పాత 3.5 రూల్స్ (మూడో ఎడిషన్‌కు సవరణ) ఆధారంగా పాత్‌ఫైండర్ అనే వేరే ఆట తెచ్చింది. వద్దన్నవాళ్లు చాలామంది అటు వెళ్లిపోయారు.

అపోహ: మారాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లది.
వాస్తవం: ఒక్కరు మారితే ఆట సాగదు, టేబులంతా కదలాలి. అందులోనూ క్యాంపెయిన్ (నెలల తరబడి సాగే ఒకే కథ) మధ్యలో, రెండేళ్లు పెంచుకున్న పాత్ర వివరాలుండే క్యారెక్టర్ షీట్‌ను చెరిపి రాయమంటే ఎవరికి మనసొప్పుతుంది? ఈ క్యాంపెయిన్‌ను పాత రూల్స్‌తోనే ముగిద్దామన్నాను. కొత్త పుస్తకంలోంచి ఒక్కటి మాత్రం అందరూ సరేనన్నారు: గాయాలు మాన్పే హీలింగ్ పోషన్‌ను బోనస్ యాక్షన్‌తో తాగేయొచ్చు. అది మేం ముందు నుంచీ అలాగే ఆడుతున్నాం లెండి.