నాలుక మీద బాణపు విషం

1800లో జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హుంబోల్ట్ దక్షిణ అమెరికాలో ఓరినోకో నది ఎగువన ఉన్న ఎస్మెరాల్డా అనే పల్లెకు చేరేసరికి అక్కడ ఒక ముసలాయన విషం కాస్తున్నాడు. అడవి తీగ బెరడు నలగ్గొట్టి, గరాటులా చుట్టిన అరటాకులో వేసి, చన్నీళ్లు పోసి, చుక్కచుక్కగా దిగిన పసుపుపచ్చ రసాన్ని మరిగిస్తున్నాడు. పాకం కుదిరిందో లేదో నాలుక మీద వేసుకునే చూడాలి. ఎంత చేదుగా ఉంటే అంత చిక్కబడినట్టు. హుంబోల్ట్ కూడా రుచి చూశాడు, కొంచెం మింగాడు కూడా! నోట్లో పుండు లేకపోతే చాలు, రక్తంలో కలిస్తేనే అది విషం.

ఆ విషం పేరు క్యురారే. ఆ తీగ మనకు తెలిసిన ముష్టి చెట్టుకు దాయాదే. ముష్టిగింజల విషం కండరాలను బిగదీస్తే, ఇది పూర్తిగా వదులు చేసేస్తుంది. ఒకే వంశంలో ఇంత ఎడమొహం పెడమొహం!

నరం కండరానికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో కబురు పంపుతుంది. ఆ కబురు అందుకునే చోట క్యురారే వచ్చి కూర్చుంటుంది. కండరాలన్నీ చేతులెత్తేస్తాయి, చివరికి ఊపిరి ఆడించేవి కూడా. గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది, స్పృహ పోదు. పేగుల్లోంచి రక్తంలోకి దాదాపుగా ఎక్కదు కాబట్టి ఈ విషం పూసిన బాణంతో కొట్టిన వేటమాంసం తిన్నవాళ్లకు ఏమీ కాదు.

గుండె ఆగకపోతే, ఊపిరి మనం అందిస్తే బతకాలి కదా? గయానా అడవుల నుంచి ఈ విషం తెచ్చిన చార్ల్స్ వాటర్టన్, ఆయన మిత్రులు 1814లో లండన్‌లో ఒక గాడిదకు దీన్ని ఎక్కించారు. అది పడిపోగానే గొంతులో గాటు పెట్టి, కొలిమితిత్తితో గంటల తరబడి గాలి ఊదారు. గాడిద లేచింది. పాతికేళ్లు బతికింది.

ఆపరేషన్లలో దీనికి స్థిరంగా చోటు దొరకడానికి మాత్రం 1942 దాకా ఆగాల్సొచ్చింది. అప్పటిదాకా పొట్ట కండరాలు వదులవ్వాలంటే మత్తుమందు బాగా ఎక్కువ ఇచ్చేవారు, దాంతోనే ప్రాణాపాయం. మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ అపెండిక్స్ ఆపరేషన్‌లో క్యురారే కొద్దిగా వాడాక ఆ టెన్షన్ తగ్గింది.

మొదట విన్న ఉపయోగం ఒకటి, చేతికి దొరికేది ఇంకొకటి. బిళ్ళగన్నేరుదీ అదే కథ. షుగర్‌కు వాడతారని విని జమైకా నుంచి కెనడాకు ఆకులు తెప్పించారు. ఎలుకలకు ఆ రసం ఇస్తే షుగర్ తగ్గలేదు గానీ తెల్ల రక్తకణాలు పడిపోయాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే కేన్సర్లకు ఇది పనికిరాదా అని వెతికితే, 1958లో విన్‌బ్లాస్టిన్ అనే మందు బయటపడింది. హాడ్జ్‌కిన్ వ్యాధి అనే లింఫు కణాల కేన్సర్‌కు ఇప్పటికీ దాన్ని ఎక్కిస్తున్నారు.