చంద్రుడి కంట్లో గుండు దిగాక

ఫిరంగి గుండు వచ్చి చంద్రుడి కంట్లో గుచ్చుకుంటుంది. మరుక్షణం అదే గుండు చంద్రుడి నేల మీద మళ్లీ దిగుతుంది. ‘ఇప్పుడే కదా దిగింది!’ అనుకుంటారు ఇవాళ చూసేవాళ్లు. ఆనక, గొడుగులు పట్టుకుని ఆ గుండులో చంద్రమండలం వెళ్లిన శాస్త్రవేత్తలను చూసి నవ్వుతారు. అందరూ అలా గెంతుతూ నడుస్తారేమిటని ఇంకో సందేహం.

ఫ్రాన్స్‌లో జార్జ్ మెలియెస్ 1902లో తీసిన మూగ సినిమా ‘చంద్రుడి మీదికి ప్రయాణం’ ఇది. ఈ ఫిర్యాదుల్లో సగం ఆయన ఖాతాలో వేయకూడదు.

గెంతుల సంగతే చూడండి. అప్పట్లో కెమెరా హ్యాండిల్ చేత్తో తిప్పేవారు. సెకనుకు 14 నుంచి 16 ఫ్రేములు పడేవి. పునరుద్ధరించిన రంగుల ప్రింటులో 13,375 ఫ్రేములున్నాయి. సెకనుకు 16 చొప్పున ఆడిస్తే దాదాపు 14 నిమిషాల సినిమా. టాకీల లెక్కన 24 చొప్పున వదిలితే తొమ్మిది నిమిషాల చిల్లరలో ముగుస్తుంది. మనుషులు కీలుబొమ్మలు కాక ఏమవుతారు?

అవును, రంగుల ప్రింటే. పారిస్‌లో ఎలిజబెత్ తుయిలియే వర్క్‌షాప్‌లో ఆడవాళ్లు తపాలా బిళ్లంత ఫ్రేముల మీద సన్నటి కుంచెలతో, మనిషికో రంగు చొప్పున, అద్దుకుంటూ పోయేవారు. అలాంటి ప్రింటు ఒకటి 1993లో బార్సిలోనాలో బయటపడింది, రీలంతా అట్టకట్టుకుపోయి. దాన్ని బాగుచేసి 2011లో కాన్స్ చిత్రోత్సవంలో వేశారు. మూగ సినిమా అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండేవాడు, వాయిద్యం ఉండేది.

రెండుసార్లు దిగడం మాత్రం మెలియెస్ పనే. ఆయన అసలు వృత్తి గారడీ, సొంత థియేటర్ ఉండేది. ఆయన లెక్కలో ప్రతి సీనూ ఒక రంగం. అందుకే గుండు కంట్లో దిగడం ఒక రంగం, నేల మీద దిగడం ఇంకో రంగం. గారడీనీ వదల్లేదు: కెమెరా ఆపి, మనిషిని తప్పించి, మళ్లీ తిప్పితే మాయం! గొడుగు దెబ్బకు చంద్రవాసి పొగైపోయేది అలాగే. మన జానపద సినిమాల్లో మాంత్రికుడు మాయమయ్యేదీ ఇదే కిటుకుతో.

ఆ గొడుగు దగ్గరే ఇప్పటి ప్రేక్షకుడి నవ్వు ఆగిపోతుంది. పిలవని పేరంటానికి వెళ్లి, ఎదురొచ్చినవాళ్లను చంపి, వాళ్ల రాజునూ నేలకేసి కొట్టి వస్తారు. ఫ్రాన్స్ చేతిలో అప్పుడు వలసరాజ్యాలు బోలెడు. మెలియెస్ కుర్రతనంలో రాజకీయ కార్టూన్లు వేసినవాడు కాబట్టి ఇదంతా వలసపాలన మీద ఎగతాళే అంటారు కొందరు. నాకూ అటే మొగ్గు. కోసు టోపీల ఆ పండితులను చూస్తే గౌరవమేం పుట్టదు. కానీ చాలా ప్రింట్లలో చివరి ఊరేగింపు ఊడిపోయింది. 1923లో చేతిలో డబ్బుల్లేక, దాచే చోటులేక నెగటివ్‌లను ఆయనే తగలబెట్టుకున్నాడు. తర్వాత దొరికిన ఆ ముక్కలో, బందీగా తెచ్చిన చంద్రవాసిని కర్రతో కొడుతూ జనం ముందు ఆడిస్తారు. అదే వేడుకలో విగ్రహం ఆవిష్కరిస్తారు. దాని మీద లాటిన్‌లో ఉంటుంది: శ్రమ అన్నిటినీ జయిస్తుంది.