దిగిన సైన్యం దేశాన్ని కట్టి రావాలా? అపోహలు - వాస్తవాలు

నేను మద్రాస్ సాపర్స్‌లో, అంటే మన సైన్యపు ఇంజనీరు దళంలో పనిచేసి ఊరు చేరినవాణ్ని. వంతెన వేయడం, మందుపాతర తీయడం మా పని. గోదావరి కాలువ మీది లొల్ల లాకుల దగ్గర టీకి కూర్చుంటే మాత్రం "సుబేదారు గారూ, పరాయి దేశంలో దిగిన సైన్యం అక్కడ ప్రభుత్వాన్ని కూడా నిలబెట్టి రావాలా, వద్దా?" అని అడుగుతుంటారు. అక్కడ వినే మాటలు, వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: కాటన్ దొర పరాయివాడే. మన డెల్టాను కట్టలేదా?

వాస్తవం: ఆయన విగ్రహానికి నేనూ దండం పెడతాను. మద్రాస్ ఇంజనీర్స్ అధికారి, అంటే మా దళానికి పూర్వీకుడు. కానీ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలయ్యేనాటికే ఈస్టిండియా కంపెనీ ఇక్కడ దాదాపు ఎనభై ఏళ్లుగా ఉంది. 1852లో పని పూర్తయ్యాక మరో 95 ఏళ్లు పరాయి పాలనే సాగింది. వచ్చి, కట్టి, వెళ్లిపోయిన కథ కాదది. పైగా ఆయన దగ్గర పనిచేసిన వీణం వీరన్న లాంటి ఇక్కడివారు, వేల మంది కూలీలు లేకుండా ఒక్క రాయీ కదిలేది కాదు. ఈనాటికీ కాలువ కాపలా చూసే లస్కరు లాకు తలుపులు ఎత్తి దించుతున్నాడు, వేసవిలో కాలువ కట్టేసి పూడిక తీస్తున్నారు కాబట్టే చేలకు నీరు వస్తోంది. ఏ దేశం గురించి విన్నా నేను మొదట అడిగేది అదే: అక్కడి లస్కరుకు జీతం ఎవరిస్తున్నారు?

అపోహ: జర్మనీ, జపాన్‌లను అమెరికా నిలబెట్టింది. డబ్బుంటే ఎక్కడైనా సాధ్యమే.

వాస్తవం: ఆ రెండు చోట్లా కూలింది మేడలు, కర్మాగారాలు. గుమాస్తాలు, ఇంజనీర్లు, పంతుళ్లు మిగిలారు. 1945 నుంచి 1952 వరకు జపాన్‌ను అమెరికన్లు నడిపింది జపాన్ ఉద్యోగుల చేతనే. యుద్ధం తర్వాత ఐరోపాకు అమెరికా ఇచ్చిన మార్షల్ ప్రణాళిక సాయంలో జర్మనీకి దక్కింది బ్రిటన్ కంటే తక్కువ. అఫ్గానిస్తాన్‌లో పునర్నిర్మాణానికే అమెరికా ఇరవై ఏళ్లలో సుమారు 14,500 కోట్ల డాలర్లు కేటాయించింది. అక్కడి సైన్యానికి జీతాలు పరాయి సొమ్ము, విమానాల మరమ్మతు పరాయి చేతులు. ఆ చేతులు వెళ్లిపోయాయి. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతికి ఎలా పోయిందో అందరూ టీవీలో చూశారు.

అపోహ: అయితే నియంతను కూల్చి వచ్చేయడమే మంచిది.

వాస్తవం: 2011లో లిబియాలో నాటో చేసింది దాదాపు అదే. 2014 నాటికి అక్కడ రెండు ప్రభుత్వాలు, ఆనకట్టలను పట్టించుకునే నాథుడు లేడు. 2023 సెప్టెంబరులో డెర్నా ఎగువన రెండు ఆనకట్టలు తెగి వేల మంది కొట్టుకుపోయారు. 1986 వరదలో ఏటిగట్టు మీద పడుకున్న కుటుంబం మాది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర లేదు. ఇరాక్‌లో ఇంకో రకం: 2003 మేలో అమెరికన్లు ఒక్క ఉత్తర్వుతో అక్కడి సైన్యాన్ని రద్దు చేశారు. జీతం పోయింది, తుపాకీ ఇంట్లోనే ఉంది. తర్వాతి సంగతి ఎవరైనా ఊహించగలరు.

అపోహ: మన దేశం ఇలాంటి పనుల జోలికి పోలేదు.

వాస్తవం: పోయింది, చేయీ కాల్చుకుంది. 1971లో ఢాకాలో గెలిచి 1972 మార్చికల్లా మన సైన్యం తిరిగి వచ్చేసింది. 1970లో జనం ఎన్నుకున్న నాయకత్వం అక్కడ ఉంది కాబట్టి అది కుదిరింది. శ్రీలంకలో అలా లేదు. 1987లో శాంతి కోసం దిగి యుద్ధంలో కూరుకున్నాం. 1988 నవంబరులో అక్కడి ఉత్తర, తూర్పు ప్రాంతాలను కలిపిన రాష్ట్ర మండలికి ఎన్నికలు జరిపించారు. అప్పుడు నేను జాఫ్నాలో కల్వర్టులు బాగుచేస్తున్నాను. ఉత్తరాన ఒక్క ఓటూ పడలేదు, పోటీయే లేదు, అంతా ఏకగ్రీవం. మాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. 1990 మార్చిలో మేం ఓడెక్కాం, దాంతో ఆ మండలీ కూలింది. అప్పటికి మనవాళ్లు దాదాపు 1,200 మంది ప్రాణాలు పోయాయి.

కూల్చినవారు తప్పించుకోకూడదు, నిజమే. ఆసుపత్రి, నీటి సరఫరా, పోలీసు జీతాలు ఆగకుండా చూడటం వారి బాధ్యతే. ఎన్నికలు, రాజ్యాంగం మాత్రం అక్కడివారికి వదిలేయాలంటాను. ఇక కట్టడాలంటారా, వాటికి దండయాత్ర అక్కర్లేదు. అఫ్గానిస్తాన్‌లో జరంజ్ నుంచి దెలారం దాకా 218 కిలోమీటర్ల రోడ్డు, హెరాత్‌లో సల్మా ఆనకట్ట మనం కట్టినవే. యుద్ధం చేయడానికి అక్కడికి ఒక్క జవానునూ పంపలేదు.