కన్‌స్ట్రక్టర్ ఖాళీ అయింది ఎప్పుడు? డీఐ కంటైనర్ గొడవ వెనక కథ

వెబ్ అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ ఆంగ్యులర్ 20వ వెర్షన్ వచ్చినప్పుడు, అంటే 2025 మేలో, దాని స్టైల్ గైడ్ కూడా మారింది. డిపెండెన్సీలను, అంటే ఒక క్లాస్ పనిచేయడానికి కావాల్సిన ఇతర ఆబ్జెక్టులను, కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్టు పుట్టేటప్పుడు నడిచే ఫంక్షన్) పారామీటర్లుగా తీసుకోవడం కంటే ఫీల్డు దగ్గరే 'ఇంజెక్ట్' ఫంక్షన్‌ను పిలిచి తెచ్చుకోవడం మేలని అందులో ఉంది. దాంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఇది సర్వీస్ లొకేటర్‌ను, అంటే క్లాసే ఒక రిజిస్ట్రీని అడిగి తనకు కావాల్సినవి తెచ్చుకునే పద్ధతిని, దొడ్డిదారిన తేవడమేనని ఒక వర్గం అంటోంది. ఇది కూడా డిపెండెన్సీ ఇంజెక్షనే (డీఐ), రాసే తీరే మారిందని రెండో వర్గం వాదన.

డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటే క్లాస్‌కు కావాల్సినవి అది తానే తయారుచేసుకోకుండా బయటి నుంచి అందించడం, ఆ అందించే పని చేసేదే కంటైనర్. 2004 జనవరిలో సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ ఆ పేరును వాడుకలోకి తెచ్చిన వ్యాసం చాలామందికి తెలిసిందే. అందులో తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆయన సర్వీస్ లొకేటర్‌ను తప్పుపట్టలేదు. మామూలు అప్లికేషన్ క్లాసులకైతే అదే కాస్త సూటిగా ఉంటుందన్నారు. రెండింటిలో ఏది ఎంచుకున్నా, సర్వీసును వాడే కోడ్‌నూ దాన్ని అమర్చే కోడ్‌నూ విడదీయడమే ముఖ్యమన్నారు. కాబట్టి నేటి తగువుకు మూలం ఆ వ్యాసంలో వెతికితే దొరకదు.

నా లెక్కలో మూలం 2007లో ఉంది.

అంతకుముందు జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్‌ను వాడేవాళ్లకు ఎక్స్ఎంఎల్ ఫైళ్లే ప్రపంచం. ఏ క్లాస్‌కు ఏది కావాలో వందల లైన్లలో రాసుకోవాలి. ఒక పేరులో అక్షరం తప్పితే అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు గానీ బయటపడేది కాదు. ఆ విసుగు నిజమైనదే. 2007 మార్చిలో గూగుల్ నుంచి గైస్ అనే డీఐ లైబ్రరీ వచ్చి, ఎక్స్ఎంఎల్ లేకుండా జావా కోడ్‌లోనే అనొటేషన్లతో (కోడ్‌కు తగిలించే గుర్తులతో) పని జరుగుతుందని చూపింది. అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన స్ప్రింగ్ 2.5 'ఆటోవైర్డ్' అనొటేషన్‌ను తెచ్చింది. దాన్ని కన్‌స్ట్రక్టర్ మీద పెట్టొచ్చు, సెట్టర్ (ఫీల్డులో విలువ పెట్టే మెథడ్) మీద పెట్టొచ్చు, నేరుగా ప్రైవేట్ ఫీల్డు మీదా పెట్టొచ్చు. జనం మూడోదాన్ని పట్టుకున్నారు. ఎందుకంటే అది ఒక్క లైను. కన్‌స్ట్రక్టర్‌లో పారామీటర్ చేర్చి, ఫీల్డు ప్రకటించి, దానికి అప్పగించే మూడు పనులు ఒక్క లైనులో తేలిపోయాయి.

ఈ ఒక్క లైను సుఖం ఏం తీసుకుపోయిందో దగ్గర నుంచి చూడాలి. ఆర్డర్‌సర్వీస్ అనే క్లాస్ ఉందనుకుందాం. దానికి ఒక పేమెంట్ గేట్‌వే, ఒక మెయిల్ పంపే ఆబ్జెక్టు కావాలి. అవి కన్‌స్ట్రక్టర్‌లో ఉంటే, ఇవ్వకుండా ఆ క్లాస్‌ను తయారుచేయడం కుదరదు, కంపైలరే ఆపేస్తుంది. ఫీల్డులను ఫైనల్ చేయొచ్చు కాబట్టి తర్వాత ఎవరూ మార్చలేరు. టెస్టులో రెండు నకిలీ ఆబ్జెక్టులు చేతికిచ్చి 'న్యూ' అంటే చాలు, కంటైనర్ ఊసే అక్కర్లేదు. అవే ప్రైవేట్ ఫీల్డులైతే ఖాళీ బ్రాకెట్లతో 'న్యూ ఆర్డర్‌సర్వీస్' అన్నా కంపైలర్ నోరు మెదపదు. ఆబ్జెక్టు పుడుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. మొదటి మెథడ్ పిలవగానే, లేని ఆబ్జెక్టును వాడబోయినందుకు నల్ పాయింటర్ ఎక్సెప్షన్.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో బిల్లింగ్ క్లాస్ ఒకటి ఉండేది. పైన వరసగా పద్నాలుగు ఆటోవైర్డ్ ఫీల్డులు. అందులో డిస్కౌంట్ లెక్కగట్టే చిన్న మెథడ్‌కు టెస్టు రాయాలని కూర్చున్నాను. ఒక ఫీల్డు నింపితే ఇంకో ఫీల్డు దగ్గర నల్. అది నింపితే మరొకటి. ప్రైవేట్ ఫీల్డులు కాబట్టి రిఫ్లెక్షన్‌తో (నడుస్తున్న ప్రోగ్రామ్‌లో క్లాస్ లోపలి భాగాలను చేరే పద్ధతితో) లోపలికి చొప్పించాల్సి వచ్చింది. సాయంత్రానికి విసిగిపోయి మొత్తం కంటైనర్‌నే టెస్టులో లేపాను. ఆ తర్వాత టీమంతా అదే దారి పట్టింది. టెస్టులు నడవడానికి పట్టే టైమ్ పెరిగిపోయి, కొన్నాళ్లకు వాటిని నడపడమే మానేశారు. ఆ పద్నాలుగూ కన్‌స్ట్రక్టర్‌లో ఉండుంటే ఏ అయిదో ఆరో అయ్యేసరికే ఎవరో ఒకరు ఇదేంటని అడిగేవారు. ఫీల్డుల వరస చూసి ఎవరూ అడగలేదు.

స్ప్రింగ్ డాక్యుమెంటేషన్‌ మాటే మారిన తీరు ఇక్కడ చెప్పుకోవాలి. మూడో వెర్షన్ రోజుల్లో స్ప్రింగ్ టీమ్ సెట్టర్ ఇంజెక్షన్‌ను సిఫారసు చేసేది. కన్‌స్ట్రక్టర్‌కు ఆర్గ్యుమెంట్లు ఎక్కువైతే సంభాళించడం కష్టమన్నది కారణం. నాలుగో వెర్షన్ నాటికి అదే చోట కన్‌స్ట్రక్టర్ ఇంజెక్షన్‌కు సిఫారసు వచ్చింది. ఆర్గ్యుమెంట్లు ఎక్కువగా ఉన్నాయంటే ఆ క్లాస్ నెత్తిన బాధ్యతలు ఎక్కువయ్యాయన్న హెచ్చరికగా చూడమన్నారు. లక్షణం అదే. మొదట దాన్ని దాచమన్నారు, తర్వాత దాన్ని వినమన్నారు. 2016లో స్ప్రింగ్ 4.3 వచ్చాక కన్‌స్ట్రక్టర్ ఒక్కటే ఉంటే దాని మీద అనొటేషన్ కూడా అక్కర్లేకుండా పోయింది.

అప్పటికే ఆలస్యమైంది. మధ్యలో 2009లో జావాకు ఉమ్మడి ప్రమాణంగా వచ్చిన జేఎస్ఆర్ 330 కూడా ప్రైవేట్ ఫీల్డుల్లోకి ఇంజెక్షన్‌ను అనుమతించింది. ఫీల్డు పద్ధతి వల్ల పేరుకుపోయిన ఇంకో జబ్బు వలయాకారపు డిపెండెన్సీలు. 'ఎ'కి 'బి' కావాలి, 'బి'కి 'ఎ' కావాలి. కన్‌స్ట్రక్టర్లలో ఇది అసాధ్యం, ముందు ఏది పుట్టాలో తేలదు కాబట్టి స్ప్రింగ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఫీల్డులైతే సగం తయారైన ఆబ్జెక్టును రెండోదాని చేతికిచ్చి నెట్టుకొచ్చేసేది. 2021 నవంబర్‌లో, స్ప్రింగ్ మీద కట్టిన స్ప్రింగ్ బూట్ 2.6 దీన్ని డిఫాల్ట్‌గా నిషేధించింది. అలాంటి వలయాలున్న ప్రాజెక్టులు అప్‌గ్రేడ్ చేయగానే మొదలవడం మానేశాయి. వాటిని విప్పే ఓపిక లేనివాళ్లకు, పాత పద్ధతిని తిరిగి అనుమతించే సెట్టింగ్ ఒకటి మిగిలింది.

జావా బయట దారి వేరుగా సాగింది. 2010 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ లోకంలో రచయిత మార్క్ సీమన్ సర్వీస్ లొకేటర్‌ను యాంటీ ప్యాటర్న్ (పైకి పరిష్కారంలా కనిపించి చెరుపు చేసే పద్ధతి) అని తేల్చి రాశారు. క్లాస్‌కు ఏం కావాలో బయటికి కనబడకుండా పోతుంది, కంపైల్ టైమ్‌లో తెలియాల్సిన తప్పు రన్ టైమ్‌లో బయటపడుతుంది అన్నది ఆయన అభ్యంతరం. పేరు ఏదైనా, ప్రైవేట్ ఫీల్డు మీద ఆటోవైర్డ్‌కూ ఇదే వర్తిస్తుంది. 2016లో వచ్చిన డాట్‌నెట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ తన సొంత కంటైనర్‌లో ప్రాపర్టీ ఇంజెక్షన్‌కు (కన్‌స్ట్రక్టర్‌ను దాటి నేరుగా ప్రాపర్టీలోకి చొప్పించడానికి) చోటివ్వలేదు. పీహెచ్‌పీలో 2017లో ఆమోదం పొందిన పీఎస్ఆర్ 11 అనే కంటైనర్ ప్రమాణం కూడా, ఆబ్జెక్టు తన డిపెండెన్సీలు తానే తీసుకునేలా కంటైనర్‌ను దాని చేతికి ఇవ్వొద్దని చెబుతుంది.

ఇక ఆంగ్యులర్. కన్‌స్ట్రక్టర్ లోపలా ఫీల్డుల దగ్గరా 'ఇంజెక్ట్'ను పిలిచే వీలు 2022 జూన్‌లో, 14వ వెర్షన్‌తో వచ్చింది. సమర్థించేవాళ్ల దగ్గర గట్టి కారణాలే ఉన్నాయి. బేస్ క్లాస్ డిపెండెన్సీలను ప్రతి సబ్‌క్లాస్ పైకి మోయక్కర్లేదు, టైపులు వాటంతట అవే తెలుస్తాయి. జావాస్క్రిప్ట్ డెకరేటర్ల (అనొటేషన్ లాంటి గుర్తుల) కొత్త ప్రతిపాదనలో పారామీటర్ డెకరేటర్లు లేవు, కాబట్టి కన్‌స్ట్రక్టర్ పారామీటర్ల మీద వాటిని పెట్టే పాత పద్ధతికి అందులో చోటు లేదు. పైగా ఈ ఫంక్షన్ ఇంజెక్షన్ కాంటెక్స్ట్ (కంటైనర్ ఆబ్జెక్టును తయారుచేస్తున్నప్పటి లాంటి, డిపెండెన్సీలు అందే సందర్భం) బయట పనిచేయదు, ఎక్కడ పడితే అక్కడ పిలిస్తే వెంటనే ఎర్రర్ ఇస్తుంది. అందువల్ల పాత సర్వీస్ లొకేటర్ అంత విచ్చలవిడి కాదు. ఇది ఒప్పుకోవాలి.

కానీ ఫీల్డుల వరసను చూడండి. ప్రైవేట్, పేరు, ఈజ్ ఈక్వల్ టు, ఇంజెక్ట్. ఒక్కో లైను, ఎన్నయినా చేర్చొచ్చు. కన్‌స్ట్రక్టర్ ఖాళీ. స్టైల్ గైడ్ చెప్పే కారణాల్లో ఒకటి, డిపెండెన్సీలు చాలా ఉన్న క్లాసుల్లో ఇది చదవడానికి తేలికని. డిపెండెన్సీలు అన్ని ఎందుకున్నాయన్న ప్రశ్న మళ్లీ పక్కకు పోయింది. స్ప్రింగ్ వాళ్లు చాలా ఏళ్లు తిరిగి వెనక్కి వచ్చిన చోటు నుంచే ఇది బయల్దేరుతోంది.

పాత కోడ్‌ను కొత్త పద్ధతిలోకి మార్చే మైగ్రేషన్ కమాండ్ కూడా ఆంగ్యులర్ ఇస్తోంది. అది డిఫాల్ట్‌గా కన్‌స్ట్రక్టర్ పారామీటర్లను తీసేసి ఫీల్డులుగా మారుస్తుంది. నకిలీ ఆబ్జెక్టులు ఇచ్చి 'న్యూ' అని రాసుకున్న టెస్టులు ఆ తర్వాత కంపైల్ కావు. ప్రతి ఒక్కదాన్నీ ఆంగ్యులర్ టెస్టు సాధనమైన టెస్ట్‌బెడ్‌లోనో, ఇంజెక్షన్ కాంటెక్స్ట్ లోపలో నడిచేలా తిరగరాయాలి. ఆ కమాండ్ కొట్టే ముందు మీ టెస్టు ఫోల్డరులో అలాంటి 'న్యూ'లు ఎన్నున్నాయో ఒకసారి వెతికి లెక్కపెట్టండి.