క్రిమి చేరకముందే ఆపాలి

ఇంజక్షన్ మందు కడుపు దాకా వెళ్లకుండా నేరుగా ఒంట్లోకి చేరుతుంది. మింగిన మాత్రతో వచ్చే క్రిముల్ని చాలావరకు కడుపులోని ఆమ్లం చంపేస్తుంది. ఇంజక్షన్‌కి ఆ కాపలా లేదు.

‘తయారయ్యాక పరీక్ష చేస్తారుగా’ అనుకుంటాం. చేస్తారు. పెద్ద బ్యాచ్ అయితే సాధారణంగా 20 సీసాల మందు తీసి, పోషక ద్రవంలో 14 రోజులుంచి ఏమైనా పెరుగుతుందేమో చూస్తారు. కానీ వెయ్యింటికొక సీసాలో క్రిమి ఉందనుకోండి. ఆ 20లో అది పడే అవకాశం 2 శాతమే! పోనీ అన్నీ పరీక్షిద్దామా అంటే, మూత తీసిన సీసా ఇక రోగికి పనికిరాదు. అందుకే అసలు రక్షణ ల్యాబ్‌లో కాదు, మందు నింపే గదిలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ గదిలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం మనిషే. ఊరికే కూర్చున్నా మన చర్మం నుంచి పొలుసులు రాలుతుంటాయి, వాటితోపాటే బ్యాక్టీరియా. అందుకే తల నుంచి పాదాల దాకా సూటు, గాగుల్స్, గ్లవ్స్. సీసాల మీదికి హెపా ఫిల్టర్లలో (అతి సన్నటి కణాల్ని కూడా పట్టేసే వడపోతల్లో) వడగట్టిన గాలి సెకనుకు దాదాపు అర మీటరు వేగంతో ఒకే దిశలో వీస్తుంది. అక్కడ ఘనపు మీటరు గాలిలో అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకు మించిన కణాలు 3,520 దాటకూడదు. మామూలు గదిలో ఇవి లక్షల్లో, కోట్లలో ఉంటాయి. ఇలా గాలి నడిచే క్లీన్‌రూమ్‌ని 1960ల మొదట్లో అమెరికాలోని శాండియా ల్యాబ్‌లో విల్లిస్ విట్‌ఫీల్డ్ రూపొందించారు.

తెరిచిన సీసా పైనుంచి చెయ్యి పోకూడదు. సీసా ఒరిగినా చటుక్కున పట్టుకోకూడదు. స్టెరైల్ ఫోర్సెప్స్‌తో (క్రిములు లేకుండా శుద్ధి చేసిన పటకారుతో), పక్కనుంచి, నిదానంగా తీయాలి. వేగంగా కదిలితే గాలి సుడి తిరిగి కణాలు సీసాల్లో పడొచ్చు. షిఫ్టంతా ఆ నిదానం తప్పకుండా పనిచేసేవాళ్ల ఓర్పుకి దండం పెట్టాలి.

బ్యాక్టీరియాని చంపేస్తే పని అయిపోయినట్టు కాదు. కొన్ని రకాలు చచ్చాక కూడా వాటి పైపొరలోని ఎండోటాక్సిన్ మిగులుతుంది. అది రక్తంలో చేరితే చలి, జ్వరం వస్తాయి, బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిముల్ని చంపే 121 డిగ్రీల ఆటోక్లేవ్‌కి అది లొంగదు. ఖాళీ గాజు సీసాలనైతే 250 డిగ్రీలు, ఆపైన పొడి వేడిలో ఉంచుతారు. మందుని అంత వేడి చేయలేం కదా! అందుకే నీళ్ల దగ్గరే జాగ్రత్త మొదలవుతుంది. ఇంజక్షన్లకి వాడే నీటిని చాలాచోట్ల 70 డిగ్రీల పైన వేడిగా ఉంచి, పైపుల్లో ఆగకుండా తిప్పుతుంటారు. నీరు నిలిస్తే బ్యాక్టీరియా పైపు లోపల జిగురు పొర కట్టేస్తుంది.

ఇంత చేశాక కూడా, సాధారణంగా ఆరు నెలలకోసారి, మందుకి బదులు క్రిములు ఇష్టంగా తినే పోషక ద్రవాన్ని అదే లైన్‌లో, అదే సిబ్బందితో నింపిస్తారు. 14 రోజుల తర్వాత ఒక్క సీసా మసకబారినా దర్యాప్తు మొదలవుతుంది: ఆ నిమిషంలో లైన్ దగ్గర ఎవరున్నారు, ఏ తలుపు తెరుచుకుంది, ఎవరి గ్లవ్ చిరిగింది?