వాణిజ్యం తలుపులు తీశాక రైతుకు ఏమైంది?

సుంకాలు తగ్గించుకుందామని 1947లో 23 దేశాలు గాట్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఫ్యాక్టరీ సరుకుల విషయంలో ఆ మాట చాలావరకు నిలబడింది. పంటల దగ్గరికి వచ్చేసరికి అన్నీ మినహాయింపులే. 1955లో అమెరికా తన పంటల దిగుమతులను కట్టడి చేసుకునేందుకు ప్రత్యేక అనుమతి తెచ్చుకుంది. తర్వాత యూరప్ కూడా తన రైతుల చుట్టూ గోడ కట్టి, మిగులు పంటను సబ్సిడీ ఇచ్చి మరీ బయట అమ్మింది.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చాకే సాగుకు గట్టి నిబంధనలు వచ్చాయి. సంపన్న దేశాలు ఆరేళ్లలో సగటున 36 శాతం, వర్ధమాన దేశాలు పదేళ్లలో 24 శాతం సుంకాలు తగ్గించాలన్నది నాటి షరతు. పైకి చూస్తే పేదలకే వెసులుబాటు ఇచ్చినట్టుంటుంది. కానీ వాణిజ్యాన్ని పెద్దగా దెబ్బతీయదని లెక్కగట్టి అనుమతించిన ‘గ్రీన్ బాక్స్’ కింద రైతులకు ప్రభుత్వం ఇచ్చే సాయానికి పరిమితి లేదు, దాన్ని నింపాలంటే ఖజానాలో డబ్బుండాలి కదా! పేద దేశం చేతిలో ఉన్న ఆయుధం సుంకం ఒక్కటే. అది కూడా చాలాచోట్ల 1980ల నుంచే ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు అప్పుల షరతులకు కరిగిపోతూ వచ్చింది. అమెరికా సబ్సిడీలతో పత్తి ధర పడిపోతోందని 2003లో బెనిన్, బుర్కినాఫాసో, చాద్, మాలి మొరపెట్టుకున్నాయి. ఆ ఏడాది మెక్సికోలోని కాన్‌కూన్‌లో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశం ఏమీ తేల్చకుండానే ముగిసింది.

వియత్నాం కథ వేరు. 1988లో అక్కడ సహకార సంఘాల పొలాలను సాగు చేసుకొమ్మని కుటుంబాలకు అప్పగించారు. మరుసటి ఏడాదికే ఆ దేశం పెద్ద బియ్యం ఎగుమతిదారుగా తేలింది. అయినా ఎగుమతులపై కోటాలు చాలాకాలం ఉంచి, మెల్లగా సడలించారు. 1993లో 58 శాతం ఉన్న పేదరికం 1998కి 37 శాతానికి దిగింది. ఇదంతా వాణిజ్యం చలవేనని కొందరంటారు. నాకైతే పొలం ముందు చేతికి రావడమే అసలు సంగతి అనిపిస్తుంది.

కరీబియన్ దేశం హైతీలో అలాంటి ముందస్తు పని ఏదీ జరగలేదు. 1995లో బియ్యంపై సుంకం 3 శాతానికి దించేశారు. అమెరికా నుంచి సబ్సిడీ బియ్యం దిగింది. జనం దాన్ని ‘మయామీ బియ్యం’ అన్నారు. పట్నంలో కూలి చేసుకునేవాడికి అది చవక తిండి, ఆ మేలు కాదనలేం. పైగా చిన్న రైతుల్లోనూ తాము పండించేదానికంటే కొనుక్కునేదే ఎక్కువైన వాళ్లుంటారు. అయితే ఆర్టిబొనైట్ లోయలో వరి మీదే బతికేవాళ్లు ఆ ధరకు అమ్మి గట్టెక్కలేకపోయారు. 2008లో ప్రపంచమంతా బియ్యం ధర ఎగబాకినప్పుడు ఆ చవక కూడా పోయింది. ఏప్రిల్‌లో అల్లర్లు రేగాయి, ప్రధానమంత్రి పదవి ఊడింది.

2010 మార్చిలో అమెరికా మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆ దేశ సెనేట్ కమిటీ ముందు, హైతీ చేత బియ్యం సుంకం తగ్గించిన తమ విధానం తప్పేనని ఒప్పుకున్నారు. దానివల్ల తన సొంత రాష్ట్రం ఆర్కాన్సా రైతులకు మేలు జరిగి ఉండవచ్చని కూడా అన్నారు. అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ వరి పండేది అక్కడే.